అంతర్వేది ఒడ్డున 43 సెకన్ల తేడా: తక్కువ ఎత్తులో తిరిగే ఉపగ్రహాల దారి ఎందుకు తప్పుతుంది?

లంకగట్టు (శనివారం, రాత్రి 9.50)

సభ్యులందరికీ నమస్కారం. నేను అమలాపురం దగ్గర ఇంజనీరింగు మూడో సంవత్సరం చదువుతున్నాను. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మన ఆకాశంలోకి ఎప్పుడొస్తుందో లెక్కగట్టే చిన్న ప్రోగ్రామును సొంతంగా రాసుకోవాలని కొన్ని వారాలుగా పట్టుబట్టి కూర్చున్నాను. ఆ సమయాలు చెప్పే యాప్‌లు ఫోనులోనే ఉన్నాయని నాకూ తెలుసు. అయినా లెక్క లోపల ఏం జరుగుతుందో చూడాలన్నదే నా కోరిక.

మొదటి ప్రయత్నంలో భూమిని గుండ్రటి బంతి అనుకుని, కెప్లర్ సూత్రాలు మాత్రమే పెట్టాను. ఎనిమిది రోజుల నాటి కక్ష్యా వివరాలిస్తే, ఆ సాయంత్రం కేంద్రం మన జిల్లా ఛాయలకే రాదని ప్రోగ్రాము తేల్చింది. అదే సాయంత్రం అది మా డాబా మీదుగా దర్జాగా వెళ్లిపోయింది. తరువాత పుస్తకం తిరగేసి, భూమి నడుము ఉబ్బెత్తుగా ఉండడం వల్ల కక్ష్యాతలం రోజుకు దాదాపు 5 డిగ్రీలు పడమటికి తిరుగుతుందని తెలుసుకుని ఆ దిద్దుబాటు చేర్చాను. ఎనిమిది రోజులకు దాదాపు 40 డిగ్రీలంటే నా మొదటి లెక్క గల్లంతు కావడంలో వింత లేదు.

నిన్న, రోహిణి కార్తె ఉక్కకు ఊళ్లో ఉండలేక, మిత్రుడితో కలిసి అంతర్వేది ఒడ్డుకు వెళ్లాను. మళ్లీ ఎనిమిది రోజుల నాటి వివరాలతోనే లెక్క వేశాను. స్వాతి నక్షత్రం పక్కగా 7 గంటల 24 నిమిషాల 50 సెకన్లకు దాటాలి. 7 గంటల 24 నిమిషాల 7 సెకన్లకే దాటేసింది. దారి సరిగ్గానే ఉంది, సమయం మాత్రం 43 సెకన్లు ముందుకు జరిగింది. నా లెక్కలో గాలి నిరోధం లేదని ఒప్పుకుంటాను. అయితే గాలి అడ్డుపడితే ఏ వస్తువైనా ఆలస్యంగా రావాలి కదా, ఇది ముందే ఎలా వచ్చింది? తప్పు ఎక్కడుందో పెద్దలెవరైనా చెప్పగలరు.

యానాంవాసి (శనివారం, రాత్రి 10.15)

ముందు మీ గడియారాన్ని అనుమానించండి. పైగా 400 కిలోమీటర్ల ఎత్తులో గాలి ఎక్కడిదండీ? వంద కిలోమీటర్లు దాటితే అంతరిక్షమేనని చిన్నప్పటి నుంచీ చదువుకున్నాం.

లంకగట్టు (శనివారం, రాత్రి 10.22)

ఫోను గడియారాన్ని నెట్‌వర్కు సమయంతో అరగంట ముందే సరిచూశాను. స్టాపువాచీ మిత్రుడి చేతిలో ఉంది. మా ఇద్దరి లెక్కకూ మధ్య తేడా ఒక్క సెకను లోపే.

పాలకొల్లు మాస్టారు (ఆదివారం, ఉదయం 6.40)

బాబూ, మీ గడియారమూ తప్పు కాదు, మీ చూపూ తప్పు కాదు. మీరు నిన్న కొలిచింది గాలినే.

యానాం మిత్రుడి సందేహం ముందు తీరుద్దాం. వంద కిలోమీటర్ల గీత మన సౌకర్యం కోసం గీసుకున్నది. గాలికి ఆ సంగతి తెలియదు, క్రమంగా పలచబడుతూ పోతుంది. నేల మీద ఒక ఘన కిలోమీటరు గాలి బరువు సుమారు 12 లక్షల టన్నులు. అంతరిక్ష కేంద్రం తిరిగే ఎత్తులో అంతే ఘన కిలోమీటరును మొత్తం పోగుచేసి తూచినా కొద్ది గ్రాములే తూగుతుంది, అందులోనూ ఎక్కువ పాలు విడివిడిగా తిరిగే ఆక్సిజన్ పరమాణువులే. కానీ ఆ కేంద్రం సెకనుకు 7.66 కిలోమీటర్ల వేగంతో ఆ గాలిలోకి దూసుకుపోతోంది, నిరోధం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. మొత్తం మీద 420 టన్నుల ఆ కట్టడాన్ని వెనక్కు నెట్టే బలం ఒక చిన్న నిమ్మకాయ బరువంత, అంటే ఇరవై ముప్ఫై గ్రాముల పాటి.

ఇప్పుడు అసలు ప్రశ్న. రోడ్డు మీద సైకిలుకు గాలి తగిలితే వేగం తగ్గుతుంది, ఎందుకంటే రోడ్డు దాన్ని కిందకు జారనివ్వదు. ఉపగ్రహానికి రోడ్డు లేదు. గాలి దాని శక్తిని కాస్త లాక్కోగానే అది కిందకు దిగుతుంది. దిగేటప్పుడు ఎత్తు రూపంలో దాచుకున్న శక్తి విడుదలవుతుంది. వృత్తాకార కక్ష్యలో ఈ జమాఖర్చు చిత్రంగా ఉంటుంది: ఎత్తు ఖాతాలోంచి రెండు రూపాయలు తీస్తే, గాలి ఒక రూపాయి వేడిగా పట్టుకుపోతుంది, మిగిలిన రూపాయి వేగం ఖాతాలో జమ అవుతుంది. అందుచేత గాలి ఎంత అడ్డుపడితే ఉపగ్రహం అంత కిందకు దిగి అంత వేగంగా తిరుగుతుంది. పైగా కింది కక్ష్య చుట్టుకొలత కూడా తక్కువ. 420 కిలోమీటర్ల నుంచి 400 కిలోమీటర్లకు దిగితే వేగం సెకనుకు 11 మీటర్లు పెరుగుతుంది.

మీ 43 సెకన్లతోనే లెక్క చూడండి. రోజుకు 70 మీటర్లు దిగిందనుకుంటే, ఒక్కో చుట్టుకు పట్టే కాలం రోజు రోజుకూ సుమారు 0.086 సెకన్ల చొప్పున తగ్గుతుంది. రోజుకు పదిహేనున్నర చుట్లు. ఆ తగ్గుదల రోజంతా కొద్దికొద్దిగా వస్తుంది కనుక సగటున అందులో సగమే లెక్కకు వస్తుంది. అంటే మొదటి రోజు ముగిసేసరికి కలిసొచ్చేది ముప్పాతిక సెకనుకు లోపే, సుమారు 0.67. కానీ ఈ లాభం రోజుల సంఖ్యతో కాక దాని వర్గంతో పెరుగుతుంది. ఎనిమిది రోజులకు 64 రెట్లు. 64ను 0.67తో గుణించి చూడండి.

లంకగట్టు (ఆదివారం, ఉదయం 7.05)

దాదాపు 43 వచ్చింది! మాస్టారూ, కాలువ గట్టు మీద ఒంటరిగా నవ్వుకుంటుంటే వాకింగుకు వచ్చిన వాళ్లు వింతగా చూస్తున్నారు. మా తరగతిలో ‘అంతరిక్షంలో ఘర్షణ శూన్యం’ అని రాసుకుని మార్కులు కూడా తెచ్చుకున్నాం.

గోదారిరేవు (ఆదివారం, ఉదయం 9.30)

నరసాపురం నుంచి రాస్తున్నాను. పన్నెండేళ్లుగా ఉపగ్రహాలను కంటితోనూ బైనాక్యులర్లతోనూ చూసి సమయాలు పుస్తకంలో రాసుకోవడం నా అలవాటు. మాస్టారి లెక్కకు ఒక హెచ్చరిక చేర్చాలి. ఆ 70 మీటర్లు స్థిరమైన సంఖ్య కాదు. కొన్ని రోజుల్లో 50, కొన్ని రోజుల్లో 100 కావచ్చు. మధ్యలో ఇంజన్లు మండించి కేంద్రాన్ని పైకి లేపితే, ముందుగా రావలసింది ఆలస్యంగా వస్తుంది. లంకగట్టు తమ్ముడి అదృష్టం కొద్దీ ఆ ఎనిమిది రోజుల్లో అలాంటిదేమీ జరిగినట్టు లేదు.

మార్పుకు మూలం సూర్యుడు. సూర్యుడి అతినీలలోహిత కిరణాలు పై వాతావరణాన్ని వేడెక్కిస్తే అది పొంగుతుంది, దాంతో అదే ఎత్తులో సాంద్రత పెరుగుతుంది. సుమారు పదకొండేళ్ల సౌరచక్రంలో సూర్యుడు మందకొడిగా ఉన్న కాలానికీ ఉధృతంగా ఉన్న కాలానికీ 400 కిలోమీటర్ల ఎత్తున సాంద్రతలో పది రెట్ల దాకా తేడా ఉంటుంది. సూర్యుడు తన చుట్టూ తాను తిరిగే సుమారు 27 రోజుల లయ కూడా అందులో కనిపిస్తుంది. ఒకే రోజులో సైతం, స్థానిక సమయం మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో గాలి ఉబ్బెత్తుగా ఉంటుంది. ఈ అతినీలలోహితాన్ని నేల మీద నుంచి నేరుగా కొలవలేం. అందుకని దానికి తోడుగా పెరిగే 10.7 సెంటీమీటర్ల రేడియో తరంగాల తీవ్రతను కెనడాలో 1947 నుంచి రోజూ కొలుస్తున్నారు. కక్ష్యల లెక్కలు వేసే వాళ్లందరికీ ఆ సంఖ్య పంచాంగంలో తిథి లాంటిది.

ఇవి కాక, సూర్యుడి నుంచి దూసుకొచ్చే కణాలు భూమి అయస్కాంత క్షేత్రాన్ని కుదిపినప్పుడు వచ్చే భూఅయస్కాంత తుఫానులు. 2022 ఫిబ్రవరి 3న స్పేస్ఎక్స్ సంస్థ 49 స్టార్‌లింక్ ఉపగ్రహాలను 210 కిలోమీటర్ల కనిష్ఠ ఎత్తున వదిలింది. ఆ మర్నాడే వచ్చిన తుఫాను పెద్దదేమీ కాదు. అయినా గాలి నిరోధం అంతకు ముందు ప్రయోగాల కంటే 50 శాతం దాకా పెరిగింది, 38 ఉపగ్రహాలు పైకి వెళ్లలేక కాలిపోయాయి. 2024 మే 10, 11 తేదీల తుఫాను అంతకంటే ఎన్నో రెట్లు పెద్దది. లద్దాఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబారిన ఫోటోలు అందరూ చూసే ఉంటారు. ఆ వారం నా పుస్తకంలో సమయాలేవీ కుదరలేదు. రెండు రోజుల నాటి వివరాలను నమ్ముకుంటే తక్కువ ఎత్తు ఉపగ్రహాలు చెప్పిన వేళ కంటే ముందే వచ్చి వెళ్లిపోయాయి.

పాలకొల్లు మాస్టారు (ఆదివారం, ఉదయం 10.10)

రేవు గారు చెప్పిన దానికి నా చిన్ననాటి సాక్ష్యం ఒకటుంది. 1973 మే 14న ఎగిరిన అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ 1980ల దాకా పైనే ఉంటుందని, ఈలోగా స్పేస్ షటిల్ నౌక వెళ్లి దాన్ని పైకి నెడుతుందని అనుకున్నారు. సూర్యుడు అనుకున్న దానికంటే ఉధృతంగా ఉండడంతో 1979 జులై 11నే పడిపోయింది. అది మన నెత్తినే పడుతుందన్న భయంతో మా పేటలో కోళ్లనూ మేకలనూ కోసుకుని పండగ చేసుకున్నారు. చివరకు అది హిందూ మహాసముద్రంలోనూ పశ్చిమ ఆస్ట్రేలియాలోనూ పడింది. మా పక్కింటి వాళ్లు మాత్రం పాడి గేదెను అమ్ముకున్నందుకు చాలా కాలం బాధపడ్డారు.

పంటకాలువ (ఆదివారం, మధ్యాహ్నం 1.20)

నేను రైతును, ఒకప్పుడు కాలువ లాకుల దగ్గర పనిచేసిన వాణ్ణి. మీ లెక్కలన్నీ నాకు అందవు గానీ ఒక సందేహం ఉంది. చంద్రుడి వల్ల వసిష్ఠలో పోటూ పాటూ వస్తాయి, అమావాస్యకూ పున్నానికీ ఉప్పునీరు పైకెక్కుతుంది. అంత నీటిని లాగే చంద్రుడు, దిక్కూ దివాణం లేకుండా తేలే ఉపగ్రహాన్ని లాగడా? నిమ్మకాయ బరువు గాలి గురించి ఇంత చెప్పారు, చంద్రుడి మాటే ఎత్తలేదు.

రెండోది, భూముల రీసర్వేకు వచ్చిన వాళ్ల రోవరు, అదే ఉపగ్రహాల సంకేతాలతో స్థానం కొలిచే పరికరం, మా చేలో ఎత్తును మైనస్ పదుల మీటర్లలో చూపించింది. మా చేను సముద్రం కంటే అంత లోతున ఉంటే మేమందరం ఈపాటికి చేపలమై ఉండాలి.

పాలకొల్లు మాస్టారు (ఆదివారం, సాయంత్రం 4.00)

కాలువ గారూ, ఈ చర్చలో ఇప్పటిదాకా వచ్చిన ప్రశ్నలన్నింటిలోకీ లోతైనది మీ మొదటి ప్రశ్న. అంతరిక్ష కేంద్రం ఎత్తులో భూమి ఆకర్షణ త్వరణం సెకను వర్గానికి 8.6 మీటర్లకు కాస్త అటూ ఇటుగా ఉంటుంది. భూమి నడుము ఉబ్బెత్తు వల్ల వచ్చే తేడా అందులో సుమారు ఎనిమిది వందల వంతు, అంటే 0.01 పాటి. చంద్రుడు భూమిని లాగే దానికీ ఉపగ్రహాన్ని లాగే దానికీ ఉన్న తేడా అదే కొలతలో 0.000001 పాటి. సూర్యుడిది అందులో సగం కంటే కొద్దిగా తక్కువ. లంకగట్టు కొలిచిన గాలి నిరోధం? చంద్రుడి దానిలో సగం కూడా లేదు!

మరి చంద్రుణ్ణి వదిలేసి గాలిని ఎందుకు పట్టుకున్నాం? మీ కాలువలోనే జవాబుంది. పోటు వచ్చినప్పుడు నీరు ఎక్కుతుంది, పాటుకు దిగిపోతుంది, పొద్దు గడిచేసరికి ఎక్కువ తక్కువలు సరిపోతాయి. పూడిక అలా కాదు. రోజుకు వెంట్రుకవాసి మేట వేసినా వెనక్కు పోదు, కొన్నేళ్లకు కాలువే మూసుకుపోతుంది. చంద్రుడి లాగుడు ఉపగ్రహానికి పోటూ పాటూ వంటిది. చుట్టులో ఒక భాగంలో ముందుకు, ఇంకో భాగంలో వెనక్కు లాగి దాదాపు రద్దవుతుంది. గాలి పూడిక వంటిది. ఉపగ్రహం ఎటు తిరిగినా ఎదురుగానే ఉంటుంది, లాక్కున్న శక్తిని తిరిగి ఇవ్వదు.

నడుము ఉబ్బెత్తుది మూడో రకం. భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం ధ్రువాల దగ్గరి కంటే 21 కిలోమీటర్లు ఎక్కువ. ఈ బలం శక్తిని దోచుకోదు, అందుచేత కక్ష్య సగటు ఎత్తు తగ్గదు. కక్ష్యాతలం మాత్రం ఒకే దిక్కుకు తిరుగుతూ పోతుంది. పంచాంగం చూసేవారికి ఇది చెప్పడం తేలిక. రాహుకేతువులు చంద్రుడి దారి సూర్యుడి దారిని ఖండించే రెండు బిందువులే కదా, అవి వెనక్కు నడుస్తూ పద్దెనిమిదిన్నర ఏళ్లకు పైగా కాలంలో ఒక చుట్టు పూర్తిచేస్తాయి. అంతరిక్ష కేంద్రానికీ భూమధ్యరేఖ మీద అలాంటి రాహువూ కేతువూ ఉన్నారు. చంద్రుడి విషయంలో వాళ్లను తిప్పేది సూర్యుడు, ఇక్కడ భూమి నడుము. ఈ రాహువు దాదాపు 73 రోజులకే చుట్టి వస్తాడు. కేంద్రం మనకు కనిపించే వేళ రోజుకు ఇరవై నాలుగు నిమిషాల చొప్పున ముందుకు జరగడానికి కారణం ప్రధానంగా ఇదే.

యానాంవాసి (ఆదివారం, సాయంత్రం 5.45)

నిన్న తొందరపడి మాట్లాడాను, మన్నించండి. కాలువ గారి రెండో సందేహానికి నేను జవాబివ్వగలను, మా బంధువుల్లో ఒకరు సర్వే పనిలో ఉన్నారు.

రోవరు ఎత్తును కొలిచేది సముద్రమట్టం నుంచి కాదు, నడుము ఉబ్బిన నున్నటి ఊహాగోళం నుంచి. అసలు భూమి ఆ గోళమంత నున్నగా లేదు. లోపలి పదార్థం కొన్నిచోట్ల బరువుగా, కొన్నిచోట్ల తేలికగా ఉండడంతో ఆకర్షణ మారుతుంది, సముద్రమట్టం కూడా దాన్ని బట్టి ఎగుడుదిగుడుగా ఉంటుంది. ప్రపంచంలోకెల్లా అతి పెద్ద పల్లం మనకు దగ్గరలోనే, శ్రీలంకకు దక్షిణంగా హిందూ మహాసముద్రంలో ఉంది. అక్కడ సముద్రమట్టం ఊహాగోళానికి దాదాపు 106 మీటర్ల కింద ఉంటుంది. ఆ పల్లం అంచు మన తీరం దాకా వ్యాపించడం వల్లే మీ చేలో మైనస్ కనిపించింది. మీ చేనుకు ఏ ప్రమాదమూ లేదు.

ఈ ఎగుడుదిగుడులే తక్కువ ఎత్తు ఉపగ్రహాలను కుదుపుతాయి, ఎత్తు పెరిగే కొద్దీ చిన్న చిన్న తేడాలు మాసిపోతాయి. 1958 మార్చి 17న ఎగిరి నేటికీ తిరుగుతున్న వాన్‌గార్డ్ 1 కక్ష్యలోని వణుకును చూసే, భూమి ఉత్తర దక్షిణాలు సమానంగా లేవని, కొద్దిగా బేరిపండు ఆకారమని ఆ మరుసటి ఏడాదే కనిపెట్టారు. 2002 నుంచి 2017 దాకా పనిచేసిన గ్రేస్ జంట ఉపగ్రహాలు సుమారు 220 కిలోమీటర్ల ఎడంతో ఒకదాని వెంట ఒకటి తిరిగేవి. బరువైన ప్రాంతం రాగానే ముందుది ముందుగా లాగబడి ఎడం కొద్దిగా పెరిగేది. మిల్లీమీటరులో వెయ్యో వంతు పాటి ఆ తేడాలను కొలిచి, పంజాబ్, హర్యానా, రాజస్థాన్‌లలో భూగర్భజలం ఎంత తరిగిపోతోందో తేల్చారు.

పంటకాలువ (ఆదివారం, సాయంత్రం 6.10)

బోరుబావిలో నీరు తగ్గితే ఆకాశంలో ఉపగ్రహానికి తెలుస్తుందన్న మాట. మా ఊళ్లో మోటారు ఆగితే గానీ మాకు తెలియదు.

గోదారిరేవు (ఆదివారం, రాత్రి 8.30)

మాస్టారి పోటు, పూడికల పోలిక చాలా నచ్చింది, ఒక్కచోట తప్ప. చంద్రుడి, సూర్యుడి లాగుడు రద్దవుతుందన్న మాట అన్ని కక్ష్యలకూ నిజం కాదు.

2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నైసార్ రాడార్ ఉపగ్రహాన్నే తీసుకోండి. అది 747 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ ప్రతి 12 రోజులకు మన డెల్టా మీదుగా అదే దారిలో మళ్లీ వస్తుంది. రెండు రాడార్ చిత్రాలను పోల్చి నేల ఎంత కుంగిందో సెంటీమీటర్లలో చెప్పాలంటే, రెండోసారి వచ్చినప్పుడు మొదటి దారికి కొన్ని వందల మీటర్ల లోపే ఉండాలి. ఇలాంటి ఉపగ్రహాల కక్ష్య వంపు, అంటే భూమధ్యరేఖతో కక్ష్య చేసే కోణం, 98 డిగ్రీలకు పైన. 90 డిగ్రీలు దాటినందువల్ల వాటి రాహువు పడమటికి కాక తూర్పుకు నడుస్తాడు, అదీ సరిగ్గా రోజుకు 0.9856 డిగ్రీలు, అంటే సూర్యుడితో సమానంగా. అందువల్ల ప్రతిసారీ ఒకే స్థానిక సమయానికి మన మీదుగా వెళతాయి. భూమి నున్నటి బంతి అయితే ఈ వెసులుబాటే ఉండేది కాదు. దారి తప్పించే బలాన్నే ఇక్కడ పనికి పెట్టుకున్నారు.

చిక్కు కూడా అక్కడే ఉంది. కక్ష్యాతలం ఎప్పుడూ సూర్యుడికి ఒకే కోణంలో నిలిచిపోయింది కనుక సూర్యుడి లాగుడు కూడా ఏడాది పొడవునా ఒకే వైపు పనిచేస్తుంది. మాస్టారి మాటల్లోనే చెప్పాలంటే పోటే పూడికగా మారుతుంది! కక్ష్య వంపు ఏడాదికి డిగ్రీలో కొన్ని వందల వంతులు జరుగుతుంది. వంపు మారితే రాహువు నడక మారుతుంది, కొన్నేళ్లకు పదిన్నరకు రావలసిన ఉపగ్రహం వేళ తప్పుతుంది. మన వరి విస్తీర్ణాన్నీ చేపల చెరువులనూ చిత్రించే రిసోర్స్‌శాట్ వంటివి పదిన్నర ప్రాంతంలో దాటేవే, వాటికి ఈ బెడద ఉంది. నైసార్ ఉదయం ఆరు, సాయంత్రం ఆరు గంటల కక్ష్యలో ఉంది. అక్కడ కోణాల లెక్క ప్రకారం ఈ ప్రభావం దాదాపు సున్నా.

మరో మాట. ఆ ఎత్తులకు గాలి బాగా పలచబడి, సూర్యకాంతి తోపుడు గాలి నిరోధానికి సాటి వస్తుంది. ఆ తోపుడు చదరపు మీటరుకు గ్రాము బరువులో రెండు వేల వంతు కూడా ఉండదు. అయినా 1960లో వదిలిన ఎకో 1 అనే 30 మీటర్ల బెలూను ఉపగ్రహం కక్ష్యను అది స్పష్టంగా వంచింది. బరువు తక్కువ, ఒళ్లు ఎక్కువ అయిన వాటికి కాంతి కూడా గాలే.

పాలకొల్లు మాస్టారు (ఆదివారం, రాత్రి 9.05)

ఒప్పుకుంటున్నాను. రద్దవుతుందా లేదా అన్నది బలాన్ని బట్టి కాదు, ఆ బలం ముందు కక్ష్య ఎలా నిలబడిందన్న దాన్ని బట్టి ఉంటుంది. నా పాత నోట్సులో ఈ పేజీ తిరగరాసుకోవాలి.

గాలికే ఎదురీదిన వాళ్లను కూడా చెప్పకపోతే వెలితిగా ఉంటుంది. ఐరోపా వాళ్ల గోచె ఉపగ్రహం 2009 నుంచి 255 కిలోమీటర్ల ఎత్తున తిరిగింది. గాలి ఎంత నెడితే సరిగ్గా అంతే బలంతో జినాన్ అయాన్ ఇంజను ఎదురు నెట్టేది. 2013 అక్టోబరు 21న ఇంధనం అయిపోయింది, నవంబరు 11కల్లా అది వాతావరణంలో కాలిపోయింది. మూడు వారాలు! మన ఆర్యభట్ట ఇంజను లేకుండానే 1975 నుంచి 1992 దాకా, పదిహేడేళ్లు నిలిచింది. తేడా అంతా ఎత్తులో ఉంది. ఆర్యభట్ట సుమారు 600 కిలోమీటర్ల ఎత్తున తిరిగేది.

లంకగట్టు (బుధవారం, రాత్రి 8.20)

మూడు రోజులు ప్రోగ్రాము మీదే కూర్చున్నాను. కక్ష్యా వివరాల మొదటి వరుసలోనే గాలి నిరోధానికి ఒక గుణకం ఇస్తారు. అదేమిటో తెలియక ఇన్నాళ్లూ దాన్ని చదవకుండా దాటేస్తున్నాను. దాన్ని చేర్చి పాత ఎనిమిది రోజుల వివరాలతోనే అంతర్వేది సాయంత్రాన్ని మళ్లీ లెక్కగట్టాను: 7 గంటల 24 నిమిషాల 11 సెకన్లు. తేడా 43 నుంచి 4కు దిగింది. మిగిలిన నాలుగు సెకన్లు ఆ వారం సూర్యుడివి అనుకుంటున్నాను.

ఈ సాయంత్రం తాజా వివరాలతో చూద్దామని సఖినేటిపల్లి రేవుకు వెళ్తే, సరిగ్గా వేళకు పడమట మబ్బు పట్టింది. రేపు 7 గంటల 2 నిమిషాలకు ఇంకోసారి వస్తుంది, కాస్త తక్కువ ఎత్తులో, వాయవ్యం నుంచి. రేవు గారూ, నరసాపురం గట్టు మీద నుంచి మీరూ సమయం రాసుకోగలరా? గోదావరికి ఈ ఒడ్డున నేను, ఆ ఒడ్డున మీరు.

గోదారిరేవు (బుధవారం, రాత్రి 8.45)

తప్పకుండా. స్టాపువాచీలో బ్యాటరీ ఇప్పుడే మార్చాను.